మారెక్క గదికి నలభై నకళ్లు

ఎర్రవంకపల్లి చుట్టుపక్కల ఎవరింట్లో పట్టుపురుగులు జబ్బుపడినా ముందు మారెక్కకు కబురు పెట్టేవారు. ఆమె వచ్చి గుమ్మం ముందు చెప్పులు విడిచి, సున్నపునీళ్లలో కాళ్లు ముంచి, లోపలికి ఒక్క అడుగు వేసి ఆగిపోయేది. కళ్లు మూసుకుని పురుగులు ఆకు తినే చప్పుడు వినేది. రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టుండాలి ఆ చప్పుడు. కాసేపు విని, "ఎడమపక్క మూడో తట్టలో పురుగు ఆకు ముట్టలేదు, సూడు పో" అనేది. వెళ్లి చూస్తే నిజమే అయ్యేది.

ముప్పై ఏళ్లలో ఆమె పంట ఒక్కటి కూడా పోలేదు. అలాంటి మనిషి ఏడాదిగా పురుగుల గది గడప తొక్కలేదు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆ దుమ్ము, ఆ మందుల ఘాటు పీలిస్తే మళ్లీ తన దగ్గరికి రావొద్దని హిందూపురం డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంటి వెనకాల ఉన్న పెంపకం గదికి తాళం పడింది. అయితే ఆ గది పనితనం మాత్రం పోలేదు. దాన్ని ఆమె మేనకోడలు యశోద ముందే భద్రపరిచింది.

యశోదకు తల్లి లేదు. మేనత్తే పెంచింది. ఊళ్లో బడి అయ్యాక పాలిటెక్నిక్ చదివి, ఊరి చివర పట్టుపురుగుల పరిశోధన కేంద్రంలో చేరింది. పనిలో చురుకే కానీ నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. నలుగురు నిలబడితే చెప్పాల్సింది కాగితం మీద రాసి ఇచ్చేది. అందుకే ఆ చైత్రమాసపు ఉదయం, నలభై కుటుంబాల వాళ్లు పురుగుల తట్టలు పట్టుకుని కేంద్రం ముందు నిలబడితే, ఆమె తల వంచుకుని కంప్యూటర్ వెనకాల దాక్కున్నట్టు కూర్చుంది.

"కానివ్వు యశోదా" అన్నాడు కేంద్రం పెద్ద సుదర్శనం సార్.

ఆమె ఒక్క మీట నొక్కింది.

పొడవాటి షెడ్డులో నేల మీద మడతలు పెట్టి ఉన్న పొరలు గాలి పోసుకుని లేచాయి. మొదటిది లేచి గోడలైంది, పైకప్పైంది, తలుపైంది. లోపల కొబ్బరికాయంత పెట్టె ఒకటి కప్పు నుంచి వేలాడి, ఆకుపచ్చగా వెలిగింది. అది వెలగ్గానే పక్కది లేచింది. తరువాత దాని పక్కది. ఇదివరకు ఇలాంటి అర ఒక్కటి సిద్ధం చేయడానికి ఇద్దరు మనుషులకు రెండు రోజులు పట్టేది. వేడి ఎంత, తడి ఎంత, ఆకు ఎప్పుడు, గాలి ఎప్పుడు అని ఒక్కొక్కటీ చేత్తో నేర్పాలి. ఒకచోట తప్పు పోతే పంట పోయినట్టే. ఇప్పుడు యశోద రాసిన వరస ప్రకారం, ఒకే మూసలోంచి, అరగంటలో నలభై అరలు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

ఆ మూస మారెక్క గది. మూడు పంటల కాలం ఆమె గదిలో పరికరాలు పెట్టి, ఆమె ఎప్పుడు తలుపు తీసింది, ఎప్పుడు ఆకు వేసింది, ఎప్పుడు పంకా తిప్పింది, ఎప్పుడు ఆపింది, చప్పుళ్లతో సహా పట్టి ఉంచారు. ప్రతి అరలోని పెట్టెకూ ఆ మూడు పంటల జ్ఞాపకం ఉంది. మనుషులు ఆకు తెచ్చి వేసి, తట్టల్లో చెత్త ఎత్తితే చాలు. మిగతా మంచిచెడ్డలన్నీ అరే చూసుకుంటుంది.

తట్ట చంకన పెట్టుకుని గంగులమ్మ అందరికంటే ముందు వచ్చింది. ఎనిమిదో అర ఆమెది.

"ఏం పాపా, దీంట్లో మీ అత్త ఉండాదంట గదా. మాట్లాడ్తాదా?"

"మాట్లాడదు పెద్దమ్మా" అంది యశోద మెల్లిగా. "అత్త చేసినట్టే చేస్తుంది."

"మీ అత్త మాట్లాడకుండా యా పని జేసింది? ఇది మారెక్క కాదుమే, దొంగ మారెక్క!"

వరసలో నిలబడ్డ ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. యశోద కూడా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఈ పెట్టెలన్నిటికీ కలిపి తీగ ఏదీ?" అని అడిగాడు లింగప్ప, ముప్పై ఏడో అర మనిషి. ప్రతిదీ తిరగేసి చూస్తే తప్ప నమ్మని రకం.

దానికి సుదర్శనం సారే జవాబు చెప్పాడు. రెండేళ్ల కిందట అన్ని అరలనూ ఒకే పెట్టె నడిపేది. ఒకరోజు దాని లెక్క తప్పి, చలికాలమనుకుని వేడి పెంచింది. మధ్యాహ్నానికల్లా ఇరవై అరల్లో పురుగులు ఉడికిపోయాయి. అప్పటినుంచి ఆయన పెట్టిన నియమం ఒకటే. ఏ అర బుద్ధి దానిదే. పక్క అరకు తీగ లేదు, కేంద్రానికి తీగ లేదు. ఒకసారి మేల్కొన్నాక పంట ముగిసేదాకా దాని బుద్ధిలోకి ఎవరూ పోలేరు, ఆయనైనా సరే. జబ్బు గాలి చొరబడకుండా ఇంకో కాపలా కూడా ఉంది. పొర ఎక్కడైనా చిరిగితే, అర తనే లోపలంతా సున్నం చల్లి పంటను ముగించేస్తుంది. పురుగులకొచ్చే పాలరోగం ఒక అరలో పుట్టినా పక్క అరకు పాకదు.

"అంటే ఒగటి సచ్చినా మిగిలినయి బతుకుతాయి" అన్నాడు లింగప్ప.

"అంతే" అన్నాడు సార్.

సాయంత్రం యశోద ఇంటికి వచ్చేసరికి మారెక్క అరుగు మీద కూర్చుని మందుగొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తోంది. పీల్చడం అయ్యాక కూడా కాసేపు మాట రాదు. చేతులు మాత్రం ఊరుకోవు. ఒళ్లో పోసుకున్న చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే ఉంది.

"లేసినాయా నీ గదులు?"

"లేచాయత్తా. నలభయ్యీ."

"నా గదిలోకి నన్ను రానీరు. నా నకలుకు మాత్రం నలభై గదులు!" అని నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక, "ఆకు ఎన్ని తూర్లు ఏస్తాండారు?"

"నాలుగు. నువ్వు వేసినట్టే."

"మూడో జ్వరం ఎప్పుడు లేస్తాయి?"

పురుగు పొర విడిచే ముందు ఆకు మాని, తల ఎత్తుకుని, ఒక రోజంతా కదలకుండా ఉండిపోతుంది. దాన్నే జ్వరమంటారు. అది లేచాక పురుగుకు ఎక్కడలేని ఆకలి పుడుతుంది.

"నాలుగో రోజు పొద్దున."

మారెక్క చిక్కుడుకాయ విరవడం ఆపింది. "పాపా, నా గదిలో జరిగిందంతా ఆ పెట్టె అట్లే జేస్తాదా? తప్పులు గూడానా?"

"నీ గదిలో తప్పులేముంటాయత్తా?"

"అది గాదులే..."

ఆమె ఇంకేదో చెప్పబోయి మానేసింది. "అన్నం తిను పో, సల్లారిపోతాది" అంది. యశోదకు ఆకలిగా ఉంది. లేచి లోపలికి పోయింది.

నాలుగో రోజు ఉదయం ఏడింటికి నలభై తలుపులూ ఒకదాని వెంట ఒకటిగా టక్కుమని బిగుసుకున్నాయి.

షెడ్డులో నిలబడి ఉన్న సుదర్శనం సార్ ముఖం వెలిగిపోయింది. "చూశావా? వచ్చేసింది, మీ అత్త అసలు రహస్యం!"

మూసలోని రెండో పంటలో ఇదే రోజున మారెక్క తన గది తలుపు పొద్దున ఏడింటికి మూసి, సాయంత్రం నాలుగింటికి గానీ తీయలేదు. తొమ్మిది గంటలు పురుగులకు ఆకు లేదు. ఆ పంటే అన్నిటికంటే బాగా వచ్చింది. జ్వరం నుంచి పురుగులన్నీ లేచేదాకా ఆకు వేయకుండా ఆగితే అవన్నీ సమానంగా పెరుగుతాయని తెలిసిన రైతులందరికీ తెలుసు. కానీ గంటో రెండు గంటలో ఆగుతారు. తొమ్మిది గంటలు ఆగే ధైర్యం ఎవరికీ లేదు. 'ఇదే మారెక్క ప్రత్యేకత' అని నివేదికలో ఒక పేజీ నిండా రాసింది యశోదే. ఆ పేజీ సార్‌కు ఎంత నచ్చిందంటే, మిగతా రెండు పంటలను పక్కకు తోసి ఆ రోజుకు ఈ పద్ధతినే మూసలో ముందు పెట్టించాడు.

తొమ్మిదింటికి ఎండ ముదిరింది. పదింటికి గంగులమ్మ పరుగెత్తుకొచ్చింది.

"పాపా, పంకాలు తిరగలేదు! పురుగులు తలలెత్తి ఆకు కోసం ఎతుకుతాండాయి. గోడెక్కుతాండాయి సూడు రా!"

యశోద ప్రతి తలుపు పక్కనా వేడి చూపే ముల్లు చూసుకుంటూ పోయింది. ముప్పై రెండు. ముప్పై మూడు. ముప్పై మూడున్నర. పలచటి పొర వెనక తెల్లటి పురుగులు తట్టల అంచులు దాటి పాకుతున్నాయి. అర ఆకుపచ్చగా, నిశ్చింతగా వెలుగుతోంది. తను చేస్తున్నది సరైనదేనని దాని నమ్మకం.

"సార్, ఆ పంట ఆశ్వయుజంలో తీశాం. ఆ రోజు వాన" అంది యశోద. "ఇప్పుడు చైత్రం. నాలుగింటిదాకా ఇలా ఉంటే ఒక్కటీ మిగలదు."

సార్ ముఖంలో వెలుగు ఆరిపోయింది. "లోపలికి ఆజ్ఞ పంపలేం. పొర కోస్తే సున్నం చల్లేస్తుంది." కుర్చీలో కూలబడ్డాడు. "దారి లేకుండా కట్టింది నేనే."

నలభై కుటుంబాల వాళ్లు షెడ్డు బయట గుంపుగా చేరారు. ఈ పంట కోసం తోటలో ఆకంతా కోసి తెచ్చుకున్నవాళ్లు, సొంత గదులు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చినవాళ్లు. "మారెక్క గది అని నమ్మితిమి" అని ఎవరో అన్నారు. యశోద చెవులు కాలిపోయాయి. నమ్మించింది తను.

ఆ రోజు గదిలో ఏం జరిగిందో అంకెల్లో ఉంది. తలుపు మూత. పంకా ఆపివేత. ఆకు లేదు. ఎందుకన్నది అంకెల్లో లేదు. కానీ చప్పుడు ఉంది. పురుగులు ఆకు తినే చప్పుడు పట్టడానికి గదిలో మైకు పెట్టారు. ఆ రోజు పురుగులు ఆకే తినలేదు కాబట్టి, ఆ తొమ్మిది గంటల చప్పుడును ఎవరూ వినలేదు.

ఆమె ఫోనులో ఆ రోజు చప్పుడును వెతికి తీసి, చెవులకు పెట్టుకుంది.

గడియ పడిన శబ్దం. లోపలినుంచి. పంకా ఆగిన శబ్దం. గోనెసంచి నేల మీద ఈడ్చిన శబ్దం. ఆ తరువాత ఏదో కీచుమని సాగుతోంది. ఆగుతోంది. మళ్లీ సాగుతోంది. తుప్పుపట్టిన చేతిపంపు కొడుతున్నారేమో అనుకుంది. కాదు. ఊపిరి. గాలి అందని మనిషి ఊపిరి.

ముందుకు జరిపింది. ఎనిమిదింటికి, అదే. తొమ్మిదింటికి, అదే. పది గంటల దగ్గర మారెక్క గొంతు వినిపించింది, ముక్కలు ముక్కలుగా. "ఉండండి తల్లీ... ఇంగ కాసేపు... లేస్తా... మీ ఆకు... ఏస్తా."

యశోద చెయ్యి నోటికి అడ్డం పోయింది.

మూస తీసేటప్పుడు గాలి, వేడి సరిగ్గా కొలవాలని గది కిటికీలకు పొరలు అంటించి మూయించింది యశోదే. అప్పటిదాకా ముప్పై ఏళ్లు ఆ కిటికీలు తడిపిన గోనెపట్టాలతో, తెరిచే ఉండేవి. మూసిన గదిలో, జబ్బు రాకుండా చల్లే బ్లీచింగ్ పొడి మధ్య, మూడు పంటలు ఆమె అత్త పనిచేసింది. పంకా తిరిగితే పొడి లేస్తుందని పంకా ఆపుకుంది. ఎవరూ చూడకూడదని గడియ పెట్టుకుంది. నలభై అరలు ఇప్పుడు ఎంతో శ్రద్ధగా చేస్తున్నది అదే. జబ్బుపడిన మనిషిలా తలుపు బిగించుకుని, కదలకుండా పడుకున్నాయి.

ఆమె కళ్లు తుడుచుకుని చివరికి జరిపింది. సాయంత్రం నాలుగింటికి ఊపిరి కొంచెం తేరుకుంది. దూరంగా ఒక ఆడపిల్ల గొంతు అరిచింది. "అత్తా! తలుపు తియ్! కడుపు కాలుతాంది!" గుమ్మం మీద కాలు దబదబా కొట్టిన చప్పుడు. గోనెసంచి కదిలింది. గడియ తీసిన శబ్దం.

ఆ గొంతు ఆమెదే.

తల ఎత్తేసరికి ఎదురుగా మారెక్క నిలబడి ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కబురు విని ఆటోలో వచ్చి, దిగి నడిచిన ఆయాసం ఇంకా తీరలేదు. యశోద చెవుల దగ్గర ఉన్నదేమిటో ఆమెకు అర్థమైనట్టుంది.

"ఇనేసినావా?" అంది.

"ఎందుకు చెప్పలేదత్తా?"

"తరవాత ఏడుద్దువులే. ముందు పురుగుల సంగతి సూడు."

ఆ రోజు అత్త తలుపు తీసింది ఆ కేక విని; చప్పుళ్లు కూడా పట్టుకున్న పెట్టెకు అదీ గుర్తుండాలి. యశోద ఫోను తీసుకుని మొదటి అర దగ్గరికి పరుగెత్తింది. తన పాత కేకనే తలుపు దగ్గర పెట్టి వినిపించింది. అర కదల్లేదు. మళ్లీ వినిపించింది. లాభం లేదు.

"అది రేడియో అనుకుంటాంది" అంది మారెక్క, వెనకాల దూరంగా నిలబడి. "నా గదిలో పొద్దస్తమానం రేడియో కూస్తాండ్య. పెట్టెలో యవురు పిల్చినా నేనెప్పుడన్నా తలుపు తీస్తినా? మనిషే పిలవాల."

యశోద చుట్టూ చూసింది. షెడ్డు అంతా జనం. సార్. లింగప్ప. పేరు తెలియని ముఖాలు. తలుపు దగ్గరికి వంగి, "అత్తా, తలుపు తియ్యి" అంది.

ఏమీ జరగలేదు.

"ఓసి తిక్కదానా!" అని అరిచింది మారెక్క, అరిచి దగ్గి, మళ్లీ అరిచింది. "అట్ల పిలిస్తే నేనన్నా లేస్తానా? ఆ పొద్దు అట్లనే పిల్చినావా? ఇల్లు ఎగిరిపోయేట్ల కూసినావు! కాలితో తన్నినావు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. యశోదకు ముఖం మండింది. పొర వెనక ఒక పురుగు తల ఎత్తి అటూ ఇటూ ఊపుతోంది, లేని ఆకు కోసం. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. గుమ్మం మీద కాలితో దబదబా కొట్టింది.

"అత్తా! తలుపు తియ్! కడుపు కాలుతాంది!"

షెడ్డు రేకులు మోగాయి. తరువాత లోపల టక్కుమంది. తలుపు వదులైంది. పంకా తిరగడం మొదలైంది.

గుంపులోంచి కేక లేచింది. యశోద ఆగలేదు. రెండో అర. మూడో అర. "అత్తా! తలుపు తియ్!" ఐదో అర దగ్గర ఆమె సిగ్గు ఎటో పోయింది. ఎనిమిదో అర దగ్గర గంగులమ్మ ఆకు మోపుతో సిద్ధంగా నిలబడి, "గట్టిగా తన్ను పాపా, నాది మొండిది" అంది. తలుపు తెరుచుకోగానే లోపలికి దూరి రెండు చేతులా ఆకు పరిచింది. మిగతావాళ్లూ అరల ముందు మోపులతో వరసగా నిలబడ్డారు. ఇరవయ్యో తలుపుకు యశోద గొంతు బొంగురుపోయింది. ఎవరో మజ్జిగ చెంబు అందించారు. ముప్పయ్యో తలుపు రెండు కేకలకు గానీ తెరుచుకోలేదు. ముప్పై ఏడో దగ్గర మాట గాలిలా వచ్చింది. అరకు అది చాలలేదు. ఐదుసార్లు పిలవాల్సి వచ్చింది. ఐదోసారి ఏడుస్తూ పిలిచింది. అప్పుడు తెరుచుకుంది.

నలభయ్యో తలుపు తెరిచేసరికి పన్నెండు దాటింది.

లింగప్ప అరలో మూడో వంతు పురుగులు లేవలేదు. అతను వాటిని దోసిట్లో పట్టుకొచ్చి యశోద ముందు నిలబడ్డాడు.

"నా అర కడాకు ఉండాది. అదే దాని తప్పు" అన్నాడు అతను చివరికి. "మల్లీ తూరికి ముందల పెట్టు." చచ్చిన పురుగులను సున్నపు గుంటలో వేసి, మిగిలినవాటికి ఆకు వేయడానికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అరుగు మీద యశోద అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. గొంతు లేదు. అడగాల్సింది కాగితం మీద రాసి చేతికిచ్చింది. మారెక్క దాన్ని దూరంగా పెట్టుకుని కూడబలుక్కుని చదివింది.

"చెప్పింటే కిటికీలు తెరిసేదానివి" అంది. "తెరిస్తే నీ కొలతలు పాడయితాయంటివి గదా. నీ తొలి పని. ఊర్లో ఆడపిల్ల అంత పని జేస్తాంటే, నా దగ్గు అడ్డం రావల్లనా?"

యశోద ఇంకో కాగితం మీద రాసింది. 'కొలతలు ఇంకోసారి తీసుకునేదాన్ని. నిన్ను ఇంకోసారి ఎక్కణ్ణించి తెచ్చుకోవాలి?'

మారెక్క అది చదివి కాగితం మడిచి నడుముకున్న తిత్తిలో దోపుకుంది. "రేప్పొద్దున డాక్టరు దగ్గరికి పోదాం" అంది. "కిటికీల సంగతి గూడా ఆయనకు చెప్తా. చెప్పలేదు ఇంతవరకు."

డాక్టరు ఆ మాట విని కోప్పడి, మందు మార్చాడు. పోయిన ఊపిరి మొత్తం తిరిగి రాదు, ఉన్నది నిలబెడదాం అన్నాడు.

కేంద్రంలో సుదర్శనం సార్ నివేదిక ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "ఆ ఒక్కరోజు కోసేస్తే మూస బాగుపడుతుంది. వచ్చే నెలలో ఇంకో ఇరవై ఊళ్లు అడుగుతున్నాయి యశోదా."

ఇదివరకైతే ఆమె రాసి ఇచ్చేది. ఇప్పుడు బొంగురు గొంతుతోనే చెప్పింది. "ఒక్కరోజు కాదు సార్. మూడు పంటలూ విన్నాను. మొదటి పంటలో చిన్న దగ్గు. మూడో పంటలో ఆమె ఆకు వేసి వేసి మధ్యలో ఆగి గోడకు ఆనుకుంటోంది. అరలన్నీ ఆకు వేశాక పావుగంట గాలి ఆపేది అందుకే. మనం దాన్ని కూడా పద్ధతి అనుకున్నాం. ఇది మారెక్క గది కాదు. మనం మూసేసిన మారెక్క గది."

"మళ్లీ మొదలుపెడితే ఏడాది పడుతుంది."

"పట్టనివ్వండి. నివేదికలో ఆ పేజీ తప్పని, అది నేను రాసిందేనని రాశాను. కింద సంతకం చేశాను. ఇంకో మాట సార్. ప్రతి అరకూ బయటినుంచి తీసే గడియ ఒకటి ఉండాలి."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపు తుడిచాడు. "గడియ నేను పెడతాను" అన్నాడు. "మూస మాత్రం ఎవరి గదిలో తీస్తావు? మీ అత్త లోపలికి పోలేదు కదా."

దానికి యశోదకు జవాబు దొరకడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది.

పురుగులు నాలుగో జ్వరం దాటి, పండి, చంద్రికలనే వెదురు చట్రాలెక్కి గూళ్లు కట్టుకున్నాయి. గూళ్లు ఊడదీసే రోజున గంగులమ్మ తన అరలోంచి వెదురు చంద్రిక ఒకటి ఎత్తుకుని, వాకిట్లో వేపచెట్టు గాలికి కుర్చీ వేసుకుని కూర్చున్న మారెక్క ఒళ్లో పెట్టింది. తెల్లగా, నిండుగా, వేరుశనగకాయలంత గూళ్లు.

"నువ్వు లోపలికి రావు గదా. అదే నీ కాడికి వచ్చింది. సూడు, నీ దొంగ మారెక్క పని."

మారెక్క ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. లోపల పురుగు గట్టిపడి, గలగలమంది.

"ఆకు తడిగా ఏసినావు నువ్వు. మూడు నాలుగు పూటలు. గూడు మెత్తగుండాది."

గంగులమ్మ నోరు తెరిచింది. "వానొచ్చిందమ్మే, ఏం జేస్తా?"

"తుడిసి ఏస్తారు, ఏం జేస్తారు! ఇంగోటి తే."

ఒక్కొక్కరే తమ అరలోంచి గూడు తెచ్చి ఆమె చేతిలో పెట్టసాగారు. అందరికీ మూస ఒకటే. అరలు ఒక్క తీరుగా లేచినవే. అయినా మారెక్క చెవికి ఏ రెండూ ఒక్కలా లేవు. "నువ్వు తట్టల్లో చెత్త వారంలో మూడు తూర్లే ఎత్తినావు." "నీ చెయ్యి బలే సల్లగుండాది పాపా, ఎవురు నేర్పినారు?" లింగప్ప గూడు రెండుసార్లు ఆడించింది. "నీవి మిగిలినయి తక్కువే. కానీ ఇంత గట్టి గూడు ఈ నలబైలో లేదు. పస్తున్న పురుగుల్ని ఎట్ల తేర్చినావు?"

లింగప్ప మెడ గోక్కున్నాడు. "లేత ఆకు సన్నంగా తరిగి, గంటకొకతూరి ఏస్తి. అర వద్దని గంట కొడతాండ్య. నేను ఇనలేదు."

"పెట్టె మాట ఇనలేదా?"

"అది కడుపు మాడ్చుకుని పండుకునే రకమని తెలిసిపోయె గదా!"

అందరూ నవ్వారు. మారెక్క నవ్వి, దగ్గి, మందుగొట్టం పీల్చి, మళ్లీ నవ్వింది. యశోద నవ్వలేదు. ఆమె పంట ముగిశాక అరలు కూల్చడానికి వచ్చింది. నియమం ప్రకారం పంట అయిపోగానే ప్రతి అర బుద్ధినీ తుడిచేసి, పొరలు మడిచి పెట్టాలి. చేతిలో మీట ఉంది. ఆమె దాన్ని నొక్కకుండా నిలబడిపోయింది.

అరలు కూడా రోజూ చూసి నేర్చుకున్నాయి. ముప్పై ఏడో అరకు ఇప్పుడు లింగప్ప చేతులు తెలుసు. ఎనిమిదో అరకు గంగులమ్మ తొందర తెలుసు. ఈ మూడు వారాల్లో ఏదీ తన అత్త నకలుగా మిగల్లేదు. అయినా ఇవన్నీ మూసిన అరలే, గాలి లేని మూసలోంచి పుట్టినవే. వీటిని దాచుకుంటే ఆ గాలి కూడా వీటి వెంటే వస్తుంది.

ఆమె మీట నొక్కింది. నలభై అరలూ ఒక్కొక్కటిగా గాలి వదిలి నేల మీదికి వాలాయి. తరువాత వేపచెట్టు దగ్గరికి నడిచింది. అంతమంది ముందూ నిలబడి, అరవకుండా, అందరికీ వినపడేలా మాట్లాడింది.

"వచ్చే పంటకు మూస కేంద్రంలో తీయను. మీ మీ ఇళ్లల్లో తీస్తా. కిటికీలు తెరిచే ఉంచండి. దగ్గొస్తే ఆగిపోండి. ఆగినట్టు నాకు చెప్పండి. లింగప్ప మామా, మొదటిది మీ గది."

లింగప్ప ఎప్పట్లాగే అనుమానంగా చూశాడు. "నా గదా? నాకు ఏం తెలుసని?"

"నీకు తెలీంది నేను చెప్తాలే" అంది మారెక్క. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లిగా లేచి నిలబడింది. "మీ వాకిట్లో నీడుండాదా? కుర్చీ ఏస్తావా? నడూ, ఇప్పుడే సూసొద్దాం. పాపా, నువ్వు గూడా రా. కిటికీలు ఎన్నుండాయో లెక్కబెడుదువు."